జిల్లా ల్యాబ్‌లోని యాంటీబయాటిక్ నిరోధకత లెక్కలతో విధాన నిర్ణయం కోరవచ్చా?

తీరం_డాక్టర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను ఒక కోస్తా జిల్లాలో ప్రజారోగ్య విభాగంలో పనిచేస్తున్న కమ్యూనిటీ మెడిసిన్ వైద్యుణ్ని. యాంటీబయాటిక్ నిరోధకతపై జరగబోయే జిల్లా కమిటీ సమావేశానికి రెండు పేజీల నోటు సిద్ధం చేసే బాధ్యత నాకు అప్పగించారు. మా ప్రభుత్వ ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో గత మూడేళ్ల కల్చర్, సెన్సిటివిటీ (నమూనాలో ఏ సూక్ష్మజీవి పెరిగింది, అది ఏ మందుకు లొంగింది అనే) ఫలితాలు రిజిస్టర్లలో ఉంటే వాటిని ఎక్సెల్‌లోకి ఎక్కించాం. మూత్ర నమూనాల్లో పెరిగిన ఈ.కోలైలో సగానికి పైగా సిప్రోఫ్లాక్ససిన్‌కు లొంగడం లేదని, ఐసీయూ నుంచి వస్తున్న క్లెబ్సియెల్లాలో మెరోపెనెమ్ పనిచేయనివి ఏటేటా పెరుగుతున్నాయని ఆ పట్టిక చెబుతోంది.

పట్టిక చూసిన వారందరూ ఆందోళన పడుతున్నారు కానీ, దాన్ని చూసి కమిటీ ఏం చేయాలో ఎవరూ చెప్పలేకపోతున్నారు. జాతీయ కార్యాచరణ ప్రణాళిక 2017లో వచ్చింది, రెండోది 2025–29 కాలానికి వచ్చింది, మన రాష్ట్రానికీ ఒక ప్రణాళిక ఉంది. అవన్నీ "నిఘా సమాచారాన్ని విధాన రూపకల్పనకు వాడుకోవాలి" అనే చెబుతాయి. ఎలా వాడుకోవాలన్నది మాత్రం మాబోటి వాళ్లకే వదిలేస్తాయి. "ప్రజల్లో అవగాహన పెంచాలి" అని రాసి చేతులు దులుపుకోవడం నాకు ఇష్టం లేదు. ఇలాంటి లెక్కలతో జిల్లా స్థాయిలో ఏయే నిర్ణయాలను నిజాయితీగా కోరవచ్చో, వేటిని కోరకూడదో అనుభవం ఉన్నవారు చెప్పగలరా? మాది రొయ్యల చెరువుల ప్రాంతం కనుక ఆ వైపు లెక్కలను కూడా ఇందులో కలపవచ్చేమో చెప్పగలరు.

పెట్రీ_పళ్లెం

డాక్టర్ గారూ, నేను ఒక వైద్య కళాశాలలో మైక్రోబయాలజీ బోధిస్తున్నాను. కమిటీ ముందు పెట్టేలోపు ఆ "సగానికి పైగా" అన్న మాట ఎవరి గురించిందో మీరు తేల్చుకోవాలి. మన ఓపీల్లో మూత్రంలో మంటతో వచ్చిన వారికి ముందుగా కల్చర్ పంపడం అరుదు; మందు రాసి పంపిస్తారు, తగ్గకపోతే రమ్మంటారు. ఉదాహరణకు వందమంది వచ్చారనుకోండి. అందరికీ సిప్రోఫ్లాక్ససిన్ ఇచ్చారు, 80 మందికి తగ్గిపోయింది, 20 మంది తిరిగి వచ్చారు, ఆ 20 మందికే కల్చర్ పంపారు, అందులో 14 మందిలో సూక్ష్మజీవి ఆ మందుకు లొంగనిదని తేలింది. మీ రిజిస్టరులో అది 70 శాతంగా నమోదవుతుంది. వచ్చిన వందమందిని లెక్కలోకి తీసుకుంటే అది 14 శాతానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. రెండు సంఖ్యలూ తప్పు కావు. కానీ పీహెచ్‌సీలో మొదటి మందుగా ఏది ఇవ్వాలన్న నిర్ణయానికి పనికొచ్చేది రెండోది, మీ దగ్గర ఉన్నది మొదటిది.

ఇక రిజిస్టరులోనే మరికొన్ని లోపాలు ఉంటాయి. ఐసీయూలో నెల రోజులు ఉన్న ఒక రోగి నుంచి ఒకే క్లెబ్సియెల్లా అయిదుసార్లు పెరిగితే, ఎక్సెల్‌లో అది అయిదు వరుసలు అవుతుంది. యాంటీబయోగ్రామ్ (ఏ సూక్ష్మజీవి ఏ మందుకు ఎంత శాతం లొంగుతోందో చూపే పట్టిక) తయారీకి, ల్యాబ్ ప్రమాణాలు రూపొందించే సీఎల్‌ఎస్‌ఐ సంస్థ ఇచ్చిన ఎం39 మార్గదర్శకాల ప్రకారం ఒక రోగి నుంచి, ఒక జాతి సూక్ష్మజీవికి, విశ్లేషించే కాలంలో మొదటి ఐసోలేట్‌నే (నమూనా నుంచి వేరుచేసిన సూక్ష్మజీవినే) లెక్కించాలి. అలా వడకట్టిన తరువాత కనీసం 30 ఐసోలేట్లు ఉంటేనే శాతం ప్రకటించాలి. ఆ 30 కూడా చాలా తక్కువే. 30లో 15 నిరోధకమని తేలితే మీరు 50 శాతం అని రాస్తారు, కానీ నిజమైన విలువ సుమారు 33కు, 67కు మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. 200 ఐసోలేట్లలో 100 అయితే ఆ వెడల్పు 43 నుంచి 57కు తగ్గుతుంది. నోటులో శాతం పక్కన ఐసోలేట్ల సంఖ్యను తప్పనిసరిగా రాయండి. చదివేవారికి మీరు ఇవ్వగల కనీస రక్షణ అదే.

మెరోపెనెమ్ విషయంలో ఇంకొక ప్రశ్న మీ ల్యాబ్ టెక్నీషియన్‌ను అడగండి: అన్ని ఐసోలేట్లకూ మెరోపెనెమ్ డిస్క్ (ఆ మందుతో పరీక్షించే చిన్న బిళ్ల) పెడుతున్నారా, లేక సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగని వాటికే పెడుతున్నారా? డిస్కుల కొరత ఉన్నచోట రెండో పద్ధతే నడుస్తుంది. అప్పుడు మొండి ఐసోలేట్లకే పరీక్ష జరుగుతుంది కనుక మెరోపెనెమ్ నిరోధకత ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. ఏ సంవత్సరం ఏ ప్రమాణం వాడారో కూడా చూడాలి. ఈ.కోలై కుటుంబానికి సిప్రోఫ్లాక్ససిన్ హద్దులను సీఎల్‌ఎస్‌ఐ 2019లో బాగా కిందికి దించింది. అంతకుముందు మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రామ్ వరకు "లొంగుతుంది" అనేవారు. ఆ తరువాత 0.25కే ఆపారు. కొత్త ప్రమాణానికి మారిన నెల నుంచి, సూక్ష్మజీవిలో ఏ మార్పూ రాకపోయినా, కాగితం మీద నిరోధకత పెరుగుతుంది. మీ ల్యాబ్ ఆలస్యంగా, ఈ మూడేళ్ల మధ్యలో మారి ఉంటే మీ ధోరణి రేఖ ఆ మార్పునే చూపిస్తూ ఉండవచ్చు.

ఇంత చెప్పినందుకు ఆ లెక్కలను పక్కన పడేయమంటున్నానని అనుకోవద్దు. వార్డు రోగుల నుంచి, ముఖ్యంగా రక్త నమూనాల నుంచి వచ్చిన ఫలితాలు ఆసుపత్రి లోపలి నిర్ణయాలకు చక్కగా పనికొస్తాయి. ఐసీయూలో సెప్సిస్‌కు మొదటి గంటలో ఏ మందు మొదలుపెట్టాలో, కేథటర్ సంరక్షణ ఎక్కడ సడలిందో, ఏ వార్డులో చేతుల పరిశుభ్రతను తనిఖీ చేయాలో చెప్పడానికి మీ రిజిస్టరు చాలు. అక్కడ మీ పట్టికలోని రోగులే నిర్ణయం వర్తించే రోగులు. పీహెచ్‌సీల కోసం అయితే వేరే లెక్క తీయాలి. నాలుగైదు పీహెచ్‌సీలను ఎంచుకుని, కొన్ని నెలలపాటు మూత్రంలో మంటతో వచ్చిన ప్రతి రోగి నుంచీ, లేదా ప్రతి అయిదో రోగి నుంచీ, మందు మొదలుపెట్టక ముందే నమూనా తీసుకోండి. నమూనాలను చల్లగా ఉంచి సాయంత్రంలోగా ల్యాబ్‌కు చేర్చే ఏర్పాటు దొరికితే సగం పని అయిపోయినట్టే. ఫలితాల నమోదుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉచితంగా ఇచ్చే హూనెట్ సాఫ్ట్‌వేర్ వాడండి; ఒకే రోగి పునరావృతాలను అదే తొలగిస్తుంది.

స్టోర్_రూమ్

మేడమ్ చెప్పినదంతా ల్యాబ్ వైపు నుంచి. నేను జిల్లా మందుల గిడ్డంగిలో ఫార్మసిస్టును కనుక మందుల వైపు నుంచి రెండు మాటలు చెబుతాను.

డాక్టర్ గారూ, కల్చర్ లెక్కలు మీ దగ్గర కొన్నే ఉన్నాయి కానీ, వాడకం లెక్కలు ఈ-ఔషధిలో (ప్రభుత్వ మందుల నిల్వల ఆన్‌లైన్ వ్యవస్థలో) ప్రతి పీహెచ్‌సీకీ, ప్రతి నెలకూ ఉన్నాయి. ఎవరూ వాటిని ఆ కోణంలో తీసి చూడరు. మాత్రల సంఖ్యను నేరుగా పోల్చకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రతి మందుకూ ఒక "నిర్దేశిత దైనిక మోతాదు" ఇచ్చింది. నోటి ద్వారా ఇచ్చే సిప్రోఫ్లాక్ససిన్‌కు అది 1 గ్రాము, అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు రెండు. సెఫ్ట్రియాక్సోన్‌కు 2 గ్రాములు, అంటే ఒక గ్రాము వయల్స్ రెండు. అమాక్సిసిలిన్‌కు 1.5 గ్రాములు. ఇచ్చిన సరుకును ఇలా దైనిక మోతాదులుగా మార్చి, అదే సంస్థ చేసిన యాక్సెస్ (మొదట వాడదగినవి), వాచ్ (ఆచితూచి వాడాల్సినవి), రిజర్వ్ (చివరి ఆయుధంగా దాచుకోవాల్సినవి) అనే మూడు వర్గాలుగా విడదీస్తే ఏ పీహెచ్‌సీలో వాచ్ వర్గం మందులు మితిమీరుతున్నాయో ఒక్క పూటలో తెలిసిపోతుంది. అమాక్సిసిలిన్, డాక్సీసైక్లిన్, నైట్రోఫ్యూరాంటోయిన్ యాక్సెస్ వర్గంలో ఉన్నాయి. సిప్రోఫ్లాక్ససిన్, అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ వాచ్‌లో ఉన్నాయి. 2024 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ ఆమోదించిన రాజకీయ ప్రకటనలో, మనుషులకు వాడే యాంటీబయాటిక్స్‌లో కనీసం 70 శాతం యాక్సెస్ వర్గానివే ఉండాలన్న ప్రపంచ లక్ష్యం ఉంది. దానితో పోల్చి మన జిల్లా ఎక్కడుందో చెప్పగలిగితే కమిటీకి తన చేతిలో ఉన్న సంఖ్య ఒకటి దొరుకుతుంది.

ఎందుకు "తన చేతిలో ఉన్న" అంటున్నానంటే, నిరోధకత శాతాన్ని జిల్లా కమిటీ ఆదేశించి తగ్గించలేదు. కానీ ఇండెంట్‌ను (ఏ మందులు కావాలో గిడ్డంగికి పంపే జాబితాను) మార్చగలదు. పీహెచ్‌సీ వైద్యులు మూత్ర ఇన్ఫెక్షన్‌కు సిప్రోఫ్లాక్ససిన్ రాయడానికి పెద్ద సిద్ధాంతమేమీ లేదు, అలమరలో ఉన్నది అదే కనుక రాస్తారు. నైట్రోఫ్యూరాంటోయిన్ కావాలని ఇండెంట్ పెట్టని చోట చికిత్సా మార్గదర్శకాలు ఎన్ని అచ్చువేసి పంచినా ప్రయోజనం ఉండదు.

బయటి మందుల షాపుల సంగతి వేరు. 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 ప్రకారం ఆ జాబితాలోని మందు అమ్మినప్పుడు రోగి పేరు, వైద్యుడి పేరు, మందు పరిమాణం ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. కాగితం మీద అది అద్భుతమైన సమాచార నిధి. అసలు చిక్కు ఏమిటంటే మూడో తరం సెఫలోస్పోరిన్లు, కార్బపెనెమ్‌లు ఆ జాబితాలో ఉన్నాయి కానీ, జనం షాపుకు వెళ్లి పేరు చెప్పి కొనే అజిత్రోమైసిన్, సిప్రోఫ్లాక్ససిన్ అందులో లేవు, అవి మామూలు షెడ్యూల్ హెచ్‌లోనే ఉన్నాయి. రిజిస్టర్లన్నీ తెప్పించి లెక్కగట్టినా అసలు ప్రవాహం అందులో కనబడదు.

తీరం_డాక్టర్

ఇద్దరికీ కృతజ్ఞతలు. ల్యాబ్‌లో అడిగాను. మేడమ్ అనుమానించినట్లే మెరోపెనెమ్ డిస్క్‌ను సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగని వాటికే పెడుతున్నారట. ఆ ధోరణి రేఖను నోటులోంచి తీసేస్తున్నాను. ఈ-ఔషధి నుంచి ఏడాది వాడకం లెక్క తీయమని మా ఫార్మసిస్టుకు చెప్పాను.

రెండు సందేహాలు మిగిలాయి. జిల్లాలో కల్చర్లు ఎక్కువగా ప్రైవేటు ల్యాబుల్లోనే జరుగుతున్నాయి, వాటిని అడగవచ్చా? రొయ్యల చెరువుల గురించి నేను అడిగినదానికి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు.

చెరువుగట్టు

సార్, నేను ఆక్వా ల్యాబ్‌లో పనిచేస్తాను కనుక రెండోదానికి నేను చెబుతాను. చెరువుల వైపు మీకు దొరికే లెక్కలు నిరోధకత లెక్కలు కావు, అవశేషాల లెక్కలు. ఈ రెండింటినీ ఒకే పట్టికలో పెడితే కమిటీలో కూర్చున్న మత్స్యశాఖ అధికారి మొదటి నిమిషంలోనే పట్టుకుంటారు.

రొయ్య పట్టుబడికి ముందు సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా నడిపే ఎలైసా ల్యాబుల్లో నమూనా పరీక్షిస్తారు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల జాడలు మాంసంలో ఉన్నాయా అన్నదే ఆ పరీక్ష. చెరువు నీటిలో, బురదలో, రొయ్య పేగులో ఉన్న విబ్రియో బాక్టీరియా ఏ మందుకు లొంగుతుందో దాని ద్వారా తెలియదు. ఆ పరీక్ష వెనుక ఉన్న ఒత్తిడి ఏమిటో కూడా గుర్తుంచుకోవాలి. మన రొయ్యల సరుకులో ఈ మందులు బయటపడుతున్నాయని యూరోపియన్ యూనియన్ 2016లో మన దేశపు చెరువు రొయ్యల సరుకుల తనిఖీని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. కంటైనర్ వెనక్కి వస్తే నష్టం కోట్లలో ఉంటుంది కనుక నిబంధనలు కదిలాయి. ఈ రంగంలో విధానాన్ని నడిపించిన గణాంకం రేవులో తిరస్కరించిన సరుకుల సంఖ్యే తప్ప ఏ ఆసుపత్రి గణాంకమూ కాదు. దేశీయ అమ్మకానికి వెళ్లే చేపకు ఆ ఒత్తిడి లేదు, కాబట్టి అలాంటి తప్పనిసరి పరీక్షా లేదు.

నిరోధకతకు సంబంధించిన లెక్క కావాలంటే ఐసీఏఆర్ సంస్థలు, ఎఫ్‌ఏఓ కలిసి ఏర్పాటు చేసిన ఇన్ఫార్ అనే నెట్‌వర్క్ ఉంది, మత్స్య, పశు రంగాల ఐసోలేట్లను అది పరీక్షిస్తుంది. అది దేశ స్థాయి చిత్రం. మీ మండలం గురించి అందులో ఏమీ ఉండదు. మీ నోటులో కోరదగినది ఇది: ఆక్వా మందుల షాపుల్లో ఏ యాంటీబయాటిక్స్ ఏ పేర్లతో అమ్ముడవుతున్నాయో ఒకసారి ఉమ్మడి తనిఖీ చేయించండి. మేత బస్తాల పక్కన "గట్ ప్రోబయోటిక్" అని రాసి ఉన్న డబ్బాలు ఉంటాయి. వాటిలో కొన్నిటి మీద కూర్పు సరిగా రాసి ఉండదు, అవే పరీక్షకు పంపాల్సినవి. రైతును దోషిగా చూపకండి. రొయ్యలకు వచ్చే తెల్లమచ్చ జబ్బు వైరస్ వల్ల వస్తుంది, ఈహెచ్‌పీ అనే మరో జబ్బు బాక్టీరియా వల్ల వచ్చేది కాదు, రెండింటికీ యాంటీబయాటిక్ పనిచేయదు. అయినా లక్షల పెట్టుబడి నీళ్లలో కనబడుతుంటే షాపువాడు ఏది చేతిలో పెడితే రైతు అది చల్లుతాడు. గట్టు మీద పది నిమిషాల్లో జబ్బు నిర్ధారణ చెప్పే వ్యవస్థ ఉంటే సగం మందు తగ్గిపోతుందని నా అభిప్రాయం.

పాత_ఫైలు

నేను సచివాలయంలో ఆరోగ్య శాఖ ఫైళ్లతో చాలా ఏళ్లు గడిపి రిటైరైనవాణ్ని. శాస్త్రం గురించి పైవారు చెప్పినదానికి నేను కలపగలిగింది లేదు. ఫైలు ఎందుకు కదులుతుంది, ఎందుకు కదలదు అన్నది మాత్రం చెప్పగలను.

పటాన్‌చెరు సంగతే తీసుకోండి. హైదరాబాద్ శివార్లలోని ఆ పారిశ్రామికవాడలో సుమారు 90 బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థ జలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్తల బృందం 2007లో ప్రచురించింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే గరిష్ఠ స్థాయి కన్నా అది ఎక్కువ. ఇంతకన్నా సూటిగా మాట్లాడే గణాంకం దొరకదు. దాని తరువాత 13 ఏళ్లకు, 2020 జనవరిలో, కేంద్ర పర్యావరణ శాఖ ఔషధ పరిశ్రమల వ్యర్థ జలాల్లో 121 యాంటీబయాటిక్స్ అవశేషాలకు పరిమితులు పెడుతూ ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితుల పట్టిక మొత్తం అందులోంచి మాయమైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయంపై మార్గదర్శకాలు ఇచ్చింది 2024 సెప్టెంబరులో.

దీని పక్కన, చివరి ఆయుధం లాంటి కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ ఫైలును పెట్టి చూడండి. ఈ మందుకు నిరోధకతనిచ్చే ఎంసీఆర్-1 అనే జన్యువు ఒక బాక్టీరియా నుంచి మరొకదానికి దూకగలదని చైనా శాస్త్రవేత్తలు 2015 నవంబరులో వెల్లడించారు. పందుల్లో, మాంసంలో, రోగుల్లో అది దొరికింది. చైనా 2017లో మేతలో దాని వాడకాన్ని ఆపేసింది. మన దగ్గర చెన్నైలో కొన్న ఆహార నమూనాల్లో కొలిస్టిన్‌కు లొంగని బాక్టీరియా కనిపించింది. 2019 జులైలో కేంద్ర ఆరోగ్య శాఖ ఆహారం కోసం పెంచే జంతువులకు కొలిస్టిన్ తయారీని, అమ్మకాన్ని, పంపిణీని నిషేధించింది. నాలుగేళ్లలోపు పని అయిపోయింది. పటాన్‌చెరు సాక్ష్యం బలహీనమైనదేమీ కాదు, నా దృష్టిలో కొలిస్టిన్ సాక్ష్యం కన్నా అదే సూటిగా ఉంది. తేడా ఎక్కడుందంటే, కొలిస్టిన్ విషయంలో కోరింది ఒకే మందు మీద, ఔషధ చట్టంలో అప్పటికే ఉన్న 26ఏ సెక్షన్ కింద, ఒకే శాఖ సంతకంతో అయిపోయే పని. నష్టపోయేవారు కొద్దిమంది. వ్యర్థ జలాల విషయంలో ఎన్నో మందులు, ఎన్నో కంపెనీలు, కేంద్రం, రాష్ట్రాలు, కాలుష్య నియంత్రణ మండళ్లు, ఎగుమతి ప్రయోజనాలు ఉన్నాయి. కాబట్టి నోటు రాసేటప్పుడు ఏ అధికారి, ఏ నిబంధన కింద, ఏ కాగితం మీద సంతకం పెట్టాలో పేరు పేరునా రాయండి. అది రాయలేకపోతే మీ సిఫారసు ఇంకా సిఫారసు కాలేదని అర్థం.

టైఫాయిడ్ విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే నిరోధకత లెక్క చూపి ఎప్పుడూ మందుల మీద ఆంక్షలే అడగనక్కరలేదు. 2016 నవంబరులో పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రానికి చెందిన హైదరాబాద్ నగరంలో సెఫ్ట్రియాక్సోన్‌కు కూడా లొంగని టైఫాయిడ్ మొదలైంది. నోటి ద్వారా ఇవ్వగల మందుల్లో అజిత్రోమైసిన్ ఒక్కటే దాదాపు మిగిలింది. అక్కడి ల్యాబ్ ఆ కేసులను గుర్తించి, ఏ పేటల్లో ఉన్నాయో చెప్పగలిగింది కనుక, ఆ పేటల్లో పిల్లలకు టైఫాయిడ్ కాంజుగేట్ టీకా వేయడం మొదలుపెట్టారు. 2019 నవంబరులో ఆ టీకాను జాతీయ కార్యక్రమంలో చేర్చిన మొదటి దేశం పాకిస్తానే. వాడిన టీకా మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసినది. మన దేశపు టైఫాయిడ్ ఐసోలేట్లలో అత్యధిక భాగం ఫ్లోరోక్వినలోన్లకు ఎప్పుడో లొంగకుండా పోయాయని ఐసీఎంఆర్ నివేదికలు చెబుతూనే ఉన్నాయి. ఆ లెక్కలతో టీకా అడగవచ్చు, మంచినీటి పైపుల మరమ్మతు అడగవచ్చు. మునిసిపల్ కమిషనర్ కమిటీలో సభ్యుడైతే, క్లోరినేషన్ సరిగా జరగని వార్డుల జాబితా పక్కన టైఫాయిడ్ కేసుల జాబితా పెట్టి చూపండి. అది ఆయన చేయగల పని.

ప్రైవేటు ల్యాబుల సంగతి: మన రాష్ట్రంలో ప్రైవేటు వైద్య సంస్థల రిజిస్ట్రేషన్‌కు 2002 నాటి చట్టం ఉంది, జిల్లా స్థాయిలో ఆ పని డీఎంహెచ్‌వో చూస్తారు. లేఖ రాయించవచ్చు. కానీ బలవంతపు లేఖకు వచ్చే జవాబులో పనికొచ్చే సమాచారం ఉండదు. రోగుల పేర్లు లేకుండా, ఏడాదికి ఒకసారి, యాంటీబయోగ్రామ్ మాత్రమే అడగండి. బదులుగా జిల్లా మొత్తం పట్టికను వారికి ఇస్తామని రాయండి. కేరళ 2018లో రాష్ట్ర ప్రణాళిక ప్రకటించి, జిల్లా ఆసుపత్రులను కార్స్-నెట్ అనే రాష్ట్ర నిరోధకత నిఘా నెట్‌వర్క్ కిందికి తెచ్చి రాష్ట్ర యాంటీబయోగ్రామ్‌ను బహిరంగంగా ప్రచురించడం మొదలుపెట్టింది. అలా ప్రచురించే చోట ల్యాబులు తమ పేరు కోసమైనా లెక్కలు సరిచూసుకుంటాయి.

పెట్రీ_పళ్లెం

పాత_ఫైలు గారి మాటలతో దాదాపుగా ఏకీభవిస్తాను, కానీ ప్రైవేటు ల్యాబుల పట్టికను ప్రభుత్వ ల్యాబ్ పట్టికతో కలిపి ఒకే శాతంగా చూపడాన్ని మాత్రం ఒప్పుకోలేను. రోగులు వేరు, కల్చర్ పంపే అలవాట్లు వేరు, నాణ్యతా నియంత్రణ వేరు. బయటి నాణ్యతా పరీక్షలో పాల్గొంటున్న ల్యాబుల లెక్కలనే తీసుకోండి, వాటినీ విడి వరుసలుగా ఉంచండి. ముఖ్యంగా కొలిస్టిన్‌ను డిస్క్ పద్ధతిలో పరీక్షించి "లొంగుతుంది" అని ఇచ్చిన ఫలితం ఏదైనా ఉంటే దాన్ని పూర్తిగా వదిలేయండి. ఆ మందు అగార్‌లో సరిగా వ్యాపించదు, డిస్క్ ఫలితం నమ్మదగినది కాదు. ద్రవ మాధ్యమంలో మైక్రోడైల్యూషన్ చేసినదే లెక్కలోకి వస్తుంది.

స్టోర్_రూమ్

మేడమ్, ఒక చిన్న అభ్యంతరం. పీహెచ్‌సీల్లో నెలల తరబడి నమూనాలు తీసి లెక్క తేలేదాకా సిప్రోఫ్లాక్ససిన్ ఇండెంట్ అలాగే సాగాలా? మనకు ఏ లెక్కా లేని చోట ఐసీఎంఆర్ చికిత్సా మార్గదర్శకాలు ఉన్నాయి, జాతీయ నెట్‌వర్కుల లెక్కలూ ఉన్నాయి. సొంత గణాంకం వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోవడం కూడా ఒక నిర్ణయమే కదా.

పెట్రీ_పళ్లెం

ఆగమని నేను అనలేదు. మామూలు మూత్రాశయ ఇన్ఫెక్షన్‌కు నైట్రోఫ్యూరాంటోయిన్ తెప్పించడానికి మన జిల్లా శాతం తెలియాల్సిన పనిలేదు. అది యాక్సెస్ వర్గం మందు, దేశంలో ఈ.కోలై ఇప్పటికీ దానికి చాలావరకు లొంగుతోంది, పొరబడినా జరిగే హాని తక్కువ. కానీ ఆ మందు మూత్రపిండ కణజాలంలోకి తగినంత చేరదు కనుక జ్వరం, నడుము నొప్పితో వచ్చినవారికి అది సరిపోదని, మూత్రపిండాల పనితీరు బాగా తగ్గినవారికీ, ప్రసవం దగ్గరపడిన గర్భిణులకూ ఇవ్వకూడదని ఆ ఆదేశంలోనే రాయాలి. సొంత లెక్క తప్పనిసరిగా కావలసింది దీనికి వ్యతిరేకమైన నిర్ణయాలకు: ఒక మందును జాబితా నుంచి తొలగించాలన్నా, మరింత బలమైన వాచ్ వర్గం మందును మొదటి చికిత్సగా ప్రకటించాలన్నా. తిరిగొచ్చిన రోగుల మీద తీసిన 70 శాతాన్ని చూపి జిల్లా మొత్తానికి సెఫిక్సిమ్ మొదటి మందుగా రాయిస్తే, అవసరం లేని 80 మందికి కూడా దాన్ని అలవాటు చేసినట్టవుతుంది. నిరోధకత గణాంకం విధానానికి చేయగల అతి పెద్ద చెరుపు అదే అని నా అభిప్రాయం.

తీరం_డాక్టర్

ఈ చర్చ తరువాత నోటును తిరగరాశాను. మూడు ఆదేశాలు మాత్రమే కోరుతున్నాను. మొదటిది, పీహెచ్‌సీల ఇండెంట్‌లో నైట్రోఫ్యూరాంటోయిన్ చేర్చాలని, పైన మేడమ్ చెప్పిన పరిమితులతో సహా, డీఎంహెచ్‌వో సంతకంతో. రెండోది, నాలుగు పీహెచ్‌సీల్లో మందుకు ముందే మూత్ర నమూనాలు తీయడానికి రవాణా ఖర్చు, డిస్కుల ఖర్చు మంజూరు చేయాలని. సెఫ్ట్రియాక్సోన్ ఫలితంతో నిమిత్తం లేకుండా అన్ని ఐసోలేట్లకూ మెరోపెనెమ్ పెట్టాలన్న మాటను అందులోనే కలిపాను. మూడోది, ఆక్వా మందుల షాపుల్లో మత్స్య శాఖ, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఉమ్మడి తనిఖీ. ఐసీయూ లెక్కలు కమిటీకి కాకుండా ఆసుపత్రి ఇన్ఫెక్షన్ నియంత్రణ కమిటీకి విడిగా పంపుతున్నాను. టైఫాయిడ్, క్లోరినేషన్ జాబితాలను పక్కపక్కన పెట్టాలంటే రోగుల వార్డు నంబరు కావాలి, మా ల్యాబ్ రిజిస్టరులో ఊరి పేరు తప్ప అది లేదు.

పాత_ఫైలు

ఓపీ చీటీలో వార్డు లేదా గ్రామ సచివాలయం పేరు రాయించమని సూపరింటెండెంట్‌కు ఈరోజే ఒక మెమో పెట్టించండి. దానికి కమిటీ ఆమోదం అవసరం లేదు. మూడో ఆదేశంలో తనిఖీ నివేదిక ఎన్ని రోజుల్లో, ఎవరికి చేరాలో గడువు రాయడం మరచిపోకండి. గడువు లేని ఉమ్మడి తనిఖీలో ప్రతి శాఖా రెండో శాఖ జీపు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.